534వ నంబరు ఓడ



రజతోత్సవ సభలో ఓడ ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. ఈ ఓడ సముద్రము చేరకముందు గట్టుమీద గడపిన కాలమునుగూర్చి మాత్రమే నేను మనవిచేయదలచితిని.

స్కాట్లండులో క్లైడునది యొడ్డున క్లైడ్‌బ్యాంకు అను పట్టణము కలదు. అచ్చట జాన్ బ్రౌను కంపెనీవారి ఓడల కార్ఖానాలో 1930 డిసెంబరునందు క్యూనార్డు కంపెనీవారికై ఒక మహానౌక నిర్మాణము ప్రారంభమయ్యెను. పేరు రహస్యముగా నుంచబడుటచే అందరును దానిని కార్ఖానా లెక్కలోని సంఖ్యనుబట్టి 534 అనియే పిలుచుచుండిరి. పొడవు 1,019 అడుగులు. ఇంగ్లండునుండి న్యూయార్కునకు వారము వారము ప్రయాణము సాగించుటకు అంతవరకు మూడు ఓడలు కావలసియుండెను. మిక్కిలి వేగముగల రెండింటితోనే ఆ పని నెరవేర్చవలెనని కంపెనీవారి ఆలోచన.

ఇంత విలువగల ఓడకు పూర్తిగా భీమా ఇచ్చు శక్తి వర్తకులకు లేకపోగా, మిగిలిన భారమును ప్రభుత్వమే వహించునట్లు 1930లో పార్లమెంటు చట్టము చేసెను. ఓడకు భీమా దొరికినది. కట్టువారికి అట్టి భీమా ఏదియు లేదు.

1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యము యూరపును గూడ క్రమ్ముకొనెను. ప్రయాణికులు తగ్గిరి. 1931 సెప్టెంబరులో బ్రిటను బంగారు ప్రమాణమును విడిచెను. కంపెనీకి అప్పు పుట్టుట దుర్లభమై, ఆ డిసెంబరులో, క్రిస్మసు పండుగ రెండు వారములున్నదనగా, పని నిలిపివేయుచున్నట్లు ప్రకటన వెలువడెను. కార్ఖానాలోనే మూడువేలమందికి పైగా వీధిని పడిరి. ఇతర పట్టణములలో ఈ ఓడకై యంత్రములు, సామగ్రి చేయువారు వేరు.

ఆ పని యెట్టిదో కొంచెము చెప్పవలెను. ఈ ఓడకు కోటి రివెట్లు పట్టినవందురు. ఒక బాలుడు కొలిమిలో రివెటును ఎర్రగా కాల్చి అందించును. ఒకడు దానిని రంధ్రమున నిలిపి వెనుకనుండి అదిమిపట్టును. చల్లారకముందే అవతలివారు తల చదునగునట్లు కొట్టుదురు. ఒకడు లేకున్న ఆ జట్టుకంతకును పని లేదు. ఇట్టి నేర్పుగల చేతులు రెండేండ్లకు పైగా ఊరకుండెను. నిరుద్యోగ భృతి ఇచ్చుటకు ముందు ఇంటిల్లిపాది సంపాదనను అధికారులు విచారించుచుండిరి. కొడుకు నాలుగు షిల్లింగులు తెచ్చినచో తండ్రి భృతి తగ్గుచుండెను. ఊరిమీదుగా ఆ సగము కట్టిన ఓడ తుప్పుపట్టుచు నిలిచియుండెను. అందు పక్షులు గూళ్లు కట్టుకొనెను.

డేవిడ్ కర్క్‌వుడ్ అను పార్లమెంటు సభ్యుడు, తానును యంత్రశాలలో పనిచేసినవాడే, ఈ విషయమును సభలో పదే పదే లేవనెత్తెను. ఆర్థికమంత్రి నెవిల్ చేంబర్లేను ధనమిచ్చుటకు సమ్మతించెను గాని, క్యూనార్డు, వైట్‌స్టార్ కంపెనీలు ఏకము కావలెనని షరతు పెట్టెను. వాటాలు 62 పాళ్లు, 38 పాళ్లుగా తేలిన తరువాతనే 1934లో 95 లక్షల పౌనుల ఋణమునకు చట్టము వచ్చెను. అందు 30 లక్షలు 534ను పూర్తిచేయుటకు. షరతు వ్యాపారదృష్టిచే సరియైనదే కావచ్చును. కాని వాటాల బేరము తెగువరకు ఆకలి ఆగవలసివచ్చెనని నాకు తోచును.

1934 ఏప్రిల్ 3వ తేదీన కార్మికులు బ్యాగుపైపుల వాద్యములతో ఊరేగుచు కార్ఖానాలో ప్రవేశించిరి. మొదటి పని తుప్పు గోకుట! సుమారు 130 టన్నుల తుప్పు తీసిరందురు. సెప్టెంబరు 26న వర్షములో మేరీరాణి తన పేరే పెట్టి ఓడను నీట ప్రవేశపెట్టెను. క్లైడునది ఇరుకైనది, ఎదుట కార్టు అను ఉపనది కలియుచోటు ఉండుటచేతనే అంత పొడవుగల ఓడ ఆవలి గట్టును తాకక దిగగలిగెను. జారు వేగమును అణచుటకు రెండువేల టన్నులకు మించిన గొలుసులు కట్టిరి. 1936 మార్చి 24న సముద్రమునకు పోవునప్పుడుగూడ నదిలో కొంతసేపు నేలను పట్టుకొనెను. మే 27న తొలియాత్ర జరిగెను.

క్వీన్ మేరీ చరిత్రలలో భోజనశాలల అలంకారములకు పుటలు పుటలు దొరకును. కొలిమి బాలుని కూలి యెంతయో వెదకవలసియుండును. గ్రంథాలయములో వెదకువారు ఇట్టివానిని గూడ వెదకవలెనని కోరుదును. ఓడ 1967లో కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచి చేరి అచ్చటనే నిలిచినది. క్లైడ్‌బ్యాంకు కార్ఖానాలో కడపటి ఓడ 1972లో నీట దిగెను. 1907లో నిలిపిన టైటను అను పెద్ద క్రేను మాత్రము నదియొడ్డున మిగిలియున్నది.