బడికి తాళం వేసింది జబ్బా, కులమా?

(సావిత్రీబాయి ఫూలే వర్ధంతి సందర్భంగా ఒక దళితవాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మార్చి 10 సావిత్రీబాయి చనిపోయిన రోజు. 1848లో ఆమె, జోతీరావు పూనాలో ఆడపిల్లలకు బడి పెట్టారనీ, ఆమె బడికి పోతుంటే అగ్రకులాలవాళ్ళు పేడ, మట్టి విసిరారనీ మనం చెప్పుకుంటూనే ఉంటాం. ఆమె ఎట్లా చనిపోయిందో మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. 1897లో పూనాను ప్లేగు పట్టుకుంది. ఆమె కొడుకు యశ్వంత్ డాక్టరు. ఊరి బయట రోగులకోసం ఆసుపత్రి పెట్టారు. ముండ్వా దగ్గర మహర్వాడలో ఒక పిల్లవాడికి ప్లేగు తగిలిందని తెలిసి, సావిత్రీబాయి పోయి వాణ్ణి వీపున వేసుకుని ఆసుపత్రికి మోసుకొచ్చింది. ఆ ప్లేగే ఆమెకు అంటుకుంది. మహమ్మారి వచ్చినప్పుడు ఒక టీచరమ్మ వెలివాడ పిల్లవాణ్ణి చూసిన తీరు అది. మరి 2020లో కరోనా వచ్చినప్పుడు మన పాలకులు మన పిల్లల్ని ఏ తీరున చూశారో ఇవాళ లెక్క తీద్దాం.

'అయిపోయిన కరోనా ముచ్చట ఇప్పుడెందుకు?' అని మమ్మల్ని కొందరు అడిగారు. జబ్బు తగ్గింది నిజమే. జబ్బు పేరుతో చదువు పోయిన పిల్లలు ఎక్కడికీ పోలేదు, మన కళ్ళముందే ఉన్నారు. ఇంకో మహమ్మారి రాదని ఎవరూ రాసియ్యలేదు. అందుకే మాట్లాడాలి.

ముందుగా ఒక మాట. జబ్బు అబద్ధమని మేం అనడం లేదు. మనవాళ్ళు ఎంతమంది పోయారో మనకు తెలుసు. అందరూ ఇళ్ళల్లో తలుపులేసుకున్న రోజుల్లో వీధులు ఊడ్చింది, ఆసుపత్రులు కడిగింది ఎవరు? మనవాళ్ళే. 2020 మార్చిలో ఏ మందూ లేదు, టీకా లేదు. అప్పుడు బడులు మూసెయ్యడాన్ని మేం తప్పుపట్టం. మేం అడిగేది ఒక్కటే. మూసినవాళ్ళు మళ్ళీ తెరవడానికి ఎవర్ని ముందు పెట్టారు, ఎవర్ని వెనక పెట్టారు?

తారీఖులు చూడండి. తెలంగాణలో 2020 మార్చి 16 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 19 నుంచి బడులు బంద్. మందు దుకాణాలు ఎప్పుడు తెరిచారు? ఆంధ్రప్రదేశ్‌లో మే 4న, తెలంగాణలో మే 6న. రెండు నెలలు కూడా ఆగలేకపోయారు. విశాఖలో ఆ దుకాణాల ముందు వరస సరిచెయ్యడానికి గవర్నమెంటు టీచర్లకే డ్యూటీలు వేశారు. పలకా బలపం పట్టించాల్సిన చేతులతో సారా చీటీలు ఇప్పించారు. ఖజానాకు డబ్బు కావాలి గనక దానికి దారి దొరికింది. మన పిల్లల చదువుకు మాత్రం దారి దొరకలేదు.

తెలంగాణలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు బడి తలుపు మళ్ళీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరు 1న. పదిహేడున్నర నెలలు! గురుకులాలు ఇంకా ఆలస్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో చిన్నపిల్లల్ని పిలిచారు, ఏప్రిల్‌లో మళ్ళీ మూశారు, ఆగస్టు 16న తెరిచారు. తెలంగాణలో 2020 మార్చిలో ఒకటో తరగతిలో అ ఆలు దిద్దుతున్న పిల్ల, బడి మొహం చూడకుండానే మూడో తరగతిలో కూర్చుంది. పరీక్ష లేదు, పాసు. పైకి పంపినట్టే ఉంటుంది గానీ కాళ్ళకింద మెట్లు లేవు.

'బడి మూసినా చదువు ఆగలేదు, ఆన్‌లైన్ పెట్టాం, టీవీ పాఠాలు పెట్టాం' అన్నారు. యాదగిరి, సప్తగిరి ఛానళ్ళలో, టీశాట్‌లో పాఠాలు వచ్చిన మాట నిజమే. అవి ఎవరి ఇంటికి చేరాయి? 2017-18లో కేంద్ర ప్రభుత్వమే చేసిన సర్వేలో దేశంలోని పల్లెటూరి ఇళ్ళలో నూటికి 15 ఇళ్ళకే ఇంటర్నెట్ ఉంది. కంప్యూటరు నూటికి నాలుగైదు ఇళ్ళలో. అందులో మన వాడ ఇళ్ళు ఎన్నుంటాయో వేరే చెప్పాలా? మన ఇంట్లో సెల్లు ఉంటే ఒకటే. అది పొద్దున్నే నాయనతో పనికి పోతుంది. రాత్రి వచ్చేసరికి ఛార్జింగు ఉండదు, ఛార్జింగు ఉంటే బ్యాలెన్సు ఉండదు. ముగ్గురు పిల్లలుంటే సెల్లు మగపిల్లవాడికి, అంట్లు ఆడపిల్లకు.

ఇది మా ఊహ కాదు. 2021 ఆగస్టులో జీన్ డ్రేజ్, రీతికా ఖేరా మొదలైనవాళ్ళు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేదల వాడల్లో దాదాపు 1,400 మంది పిల్లల ఇళ్ళకు పోయి అడిగించారు. పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్ చదువు చదువుతున్నది నూటికి 8 మంది. అసలే చదవనివాళ్ళు 37 మంది. అదే పల్లెల్లో దళిత, ఆదివాసీ పిల్లల్ని విడిగా లెక్కేస్తే ఆన్‌లైన్ చదువు నూటికి 4 మందికే అందింది. మిగతా కులాల పిల్లల్లో 15 మందికి అందింది. జబ్బు ఒక్కటే, ఊరు ఒక్కటే. నాలుగుకూ పదిహేనుకూ మధ్య ఉన్న దూరం పేరేమిటి? 'సామాజిక దూరం పాటించండి' అని ఆ రోజుల్లో గోడగోడకూ రాశారు. ఆ మాట వాళ్ళకు కొత్త. మనకు వేల ఏళ్ళ పాతది!

బడి మూస్తే మన ఇంట్లో ఏమేం మూతపడతాయో ఆర్డర్లు రాసినవాళ్ళకు తెలియదు. వాళ్ళ పిల్లలకు బడి అంటే పాఠం. అది ఇంట్లోనూ దొరుకుతుంది, ట్యూషన్లోనూ దొరుకుతుంది. మన పిల్లలకు బడి అంటే మధ్యాహ్నం వేడి బువ్వ, వారంలో గుడ్డు. తల్లీతండ్రీ చేలో ఉంటే పిల్ల భద్రంగా ఉండే చోటు. బియ్యం, పప్పు ఇంటికిచ్చామన్నారు. ఇచ్చినచోట ఇచ్చారు. ఆ బియ్యం ఇంటిల్లిపాదీ పంచుకుని తిన్నారు. పిల్లల పళ్ళెంలోకి వచ్చింది ఎంత?

బడి లేని పిల్ల ఖాళీగా ఉండదు. కర్నూలు, గద్వాల వైపు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగు పనికి చిన్నచేతులు కావాలి. గుంటూరు వైపు మిరప కోతలకు కావాలి. ఇటుక బట్టీలకు కావాలి. బడిగంట మోగనప్పుడు మేస్త్రీ ఆటో హారన్ మోగుతుంది. పదమూడేళ్ళ పిల్ల ఇంట్లో కనబడితే సంబంధం మాట మొదలవుతుంది. ఒకసారి చేతికి కూలిడబ్బు, మెడకు పసుపుతాడు పడ్డాక ఆ పిల్లను మళ్ళీ బెంచీమీద కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఊరూరూ తిరిగే కార్యకర్తలకు తెలుసు.

ఇప్పుడు 'అంతా సర్దుకుంది' అంటున్నారు. అసర్ సర్వే చూపిస్తున్నారు. దేశంలోని పల్లెటూరి సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో నూటికి 21 మంది, 2022లో 16, 2024లో 23. అంకెలు కోలుకున్నాయి, సంతోషమే. కానీ 2024లో మూడో తరగతిలో ఉన్నది ఎవరు? బడులు తెరిచాక చేరిన కొత్త పిల్లలు. 2020లో మూడో తరగతిలో ఉన్న పిల్ల 2024కు ఏడు, ఎనిమిది తరగతుల్లోకి పోయింది. లేదా పత్తి చేలోకి పోయింది. కోలుకున్నది తరగతి. నష్టపోయిన పిల్ల వేరే.

ఆ రోజుల్లో వేపచెట్టు కింద, చర్చి వరండాలో, అంబేద్కర్ భవనం మెట్లమీద పదిమందిని దూరం దూరంగా కూర్చోబెట్టి చదువు చెప్పిన టీచర్లున్నారు, వాడలో ఇంటరు చదివిన పిల్లలున్నారు. వాళ్ళకు దండం పెడుతున్నాం. మనసుంటే దారి ఉందని వాళ్ళే రుజువు చేశారు. చెట్టుకింద వాళ్ళు చెయ్యగలిగింది సర్కారు ఎందుకు చెయ్యలేదు? బడులు తెరవమని అడిగే గొంతు మన దగ్గరుంది, ఆర్డరు రాసే కలం మన దగ్గర లేదు. అదీ సంగతి.

కలం మన చేతికి రావాలంటే ఏం చెయ్యాలి? చట్టంలో ఒక ఆయుధం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్ళుండాలి. వెనక పడేయబడ్డ మన పిల్లల తల్లిదండ్రులకు వాళ్ళ లెక్కకు తగ్గట్టు చోటుండాలి. మీ ఊరి కమిటీలో మన అక్కలెవరో చెప్పండి? చాలా ఊళ్ళలో రిజిస్టరులో పేరుంటుంది, ఆ పేరుగల తల్లికే ఆ సంగతి తెలియదు. వేలిముద్ర మనది, పెత్తనం పెద్దింటిది.

కాబట్టి మిత్రులారా, ఈ సభనుంచి పోయేటప్పుడు మూడు పనులు పట్టుకుపోదాం.

ఒకటి: ఆ ఏళ్ళలో బడి మానిన పిల్లల పేర్లు ఇంటింటికీ పోయి రాద్దాం. ఎవరు పనిలో ఉన్నారు, ఎవరికి పెళ్ళయింది, ఎవరికి ఓపెన్ స్కూలు పదో తరగతి కట్టించవచ్చు, కాగితం మీద పెడదాం. కాగితం లేకపోతే ఆఫీసరు 'అట్లాంటివాళ్ళు లేరు' అంటాడు.

రెండు: బడి కమిటీల్లో మన తల్లుల్ని నిలబెడదాం. వాళ్ళు మీటింగులో కుర్చీలో కూర్చోవాలి, తీర్మానం చదివించుకుని సంతకం పెట్టాలి.

మూడు: ఇంకో మహమ్మారి వస్తే అన్నిటికన్నా చివర మూసేది, అన్నిటికన్నా ముందు తెరిచేది బడి కావాలి. తప్పనిసరై మూస్తే బువ్వ ఆగగూడదు, టీచరు వాడకు రావాలి. ఈ తీర్మానం ప్రతి గ్రామసభలో పెట్టించి కలెక్టరుకు పంపుదాం.

అంబేద్కర్‌ను చిన్నప్పుడు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోబెట్టారు. ఆ గోనెపట్టా మీదనుంచే ఆయన రాజ్యాంగం దాకా నడిచాడు. మన పిల్లలకు పదిహేడు నెలలు ఆ గోనెపట్టా కూడా లేకుండా చేశారు. మళ్ళీ చెయ్యనివ్వొద్దు.

జైభీమ్! జై సావిత్రీబాయి!