పాముల రాయబారము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ రజతోత్సవ సభయందు గ్రంథపఠనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పాములను గూర్చి మాటలాడబూనితిని. కోరినదానిని విడిచి వేఱొకటి చెప్పుచున్నానని తలపవలదు. నేను చెప్పబోవు కథ మన గ్రంథాలయపు బీరువాలోనిదే. దాని అర్థము నాకు బోధపడుటకు మాత్రము చెన్నపట్టణము దాటి పోవలసివచ్చెను.

ఆంధ్రమహాభారతము ఆదిపర్వమున నన్నయభట్టారకుడు రురుని చరిత్రమును చెప్పినాడు. ప్రమద్వర యను కన్య పాముకాటున మరణింపగా, రురుడు తన ఆయువులో సగమిచ్చి ఆమెను బ్రతికించుకొని వివాహమాడెను. నాటినుండి కనబడిన పామునెల్ల కఱ్ఱతో చంపుచు తిరుగుచుండెను. ఒకనాడు డుండుభమను విషములేని పాముపై కఱ్ఱ ఎత్తగా, తాను ఏ అపరాధమును చేయలేదని అది మనుష్యభాషలో మొఱపెట్టుకొనెను. రురుని చేయి ఆగెను. అది సహస్రపాదుడను ముని. వేడుకకై గడ్డితో పామును చేసి మిత్రుని బెదరించినందున శాపము పొంది పామైనవాడు.

ఈ కథను నేను ఇరువది యేండ్ల ప్రాయమున చదివితిని. చదివిన యేడే మా గాదె క్రిందనుండి వెడలిన జెఱ్ఱిపోతును త్రాచని భ్రమించి కొట్టి చంపితిని. ఆ సంవత్సరము ఎలుకలు తినిపోయిన ధాన్యమునకు లెక్క వ్రాసినవాడనుగూడ నేనే. చదువు నోటికి వచ్చినదిగాని చేతికి రాలేదు.

కొన్నియేండ్ల క్రిందట మన గ్రంథాలయ బాలసంఘమువారిని వెంటబెట్టుకొని మహాబలిపురము చూడబోయితిమి. ఆ దారిలో వడనెమ్మేలి యనుచోట రామ్యులస్ విటేకర్, జై విటేకర్ గారలు 1976లో స్థాపించిన మొసళ్ల సంరక్షణ కేంద్రము గలదు. ఇరుళ పాములవారి సహకార సంఘము 1978లో ఏర్పడి, ఆ ఆవరణలోనే పాముల విషమును సేకరించుచున్నది.

ఇరుళులు తమిళదేశపు గిరిజనులు. మన నెల్లూరు సీమ యానాదులవలె పొలములందలి ఎలుకలను పట్టుటలో ఆరితేరినవారు. ఒకప్పుడు తోళ్ల వర్తకులకొఱకు పాములను పట్టి ఇచ్చి పొట్టపోసికొనెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, పిమ్మట వచ్చిన తోళ్ల ఎగుమతి నిషేధమును ఆ వృత్తిని మాన్పెను. పట్టుట తెలిసిన చేతులకు చంపని పని కావలసెను. విషసేకరణము ఆ పని యయ్యెను.

అచట మట్టికుండలు వరుసగా ఉన్నవి. మూతులకు గుడ్డ కట్టియున్నది. ఒక ఇరుళ వృద్ధుడు ఇనుప కొక్కెముతో త్రాచును మెల్లగా వెలికిదీసి, తలపట్టి, పొర కప్పిన గాజుపాత్రను కఱపించెను. పసుపువన్నెగల చుక్కలు కొన్ని పాత్రలో రాలెను. త్రాచు, కట్లపాము, రక్తపింజర, పొలుసులు రాచి ఱంపపుధ్వని చేయు చిన్నపింజర అను నాలుగుజాతుల విషమును ఇట్లు తీయుదురు. మూడు నాలుగు వారములలో నాలుగుమాఱులు విషముతీసి, పొట్టమీది పొలుసులకు గుర్తుపెట్టి, పామును మరల అడవిలో విడుతురు.

మాతో వచ్చిన బాలిక యొకతె, "పాము పగబట్టదా, పెదనాన్నా?" అని నన్ను అడిగెను. నేను బదులు వెదకుకొనుచుండగా, కొంత తెలుగు ఎఱిగిన ఆ వృద్ధుడు నవ్వి, "పగ మనుషులకమ్మా. దానికి ఉన్నది భయమే" అనెను.

అమెరికా మొదలగు దేశములందలి ప్రకృతి విద్యాకేంద్రములలో, అడవికి మరల పంప వీలుపడని పాములను, తాబేళ్లను, కప్పలను బాలురకు దగ్గఱగా చూపుదురు. వానిని తమ జాతుల తరఫున వచ్చిన రాయబారి జంతువులని పిలుతురు. ఆ పేరు విన్నప్పుడు నాకు డుండుభము జ్ఞప్తికి వచ్చెను. రురుని యెదుట తన జాతికొఱకు మాటలాడిన రాయబారి అదియే. దూతను చంపరాదని విభీషణుడు రావణునంతటివానికి చెప్పెను. వడనెమ్మేలి కుండలలోని పాములు మనకొఱకు విషమిచ్చి స్వస్థలమునకు పోవు రాయబారులు.

మనకొఱకు అని ఏల అంటిని? ఆ విషమును కొద్దికొద్దిగా గుఱ్ఱములకు ఎక్కించి, వాని రక్తమునుండి పాముకాటునకు విరుగుడుమందు తయారుచేయుదురు. 2000 మొదలు 2019 వఱకు మనదేశమున ఏటేట సుమారు 58,000 మంది పాముకాటున మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన లెక్కగట్టినది. ఆ లెక్కలోనివారే మన ఊరివారును. అరుగుమీద నేలనే పరుండిన ఇల్లాలిని కట్లపాము కఱచినది. దాని కాటునకు నొప్పి స్వల్పము. గాయము కనబడుటయు కష్టము. ఱెప్పలు వాలుచున్నను తెల్లవాఱువఱకు మంత్రము వేయించితిమి. ఆస్పత్రికి చేరునప్పటికి ఊపిరి లేదు. ఆ రాత్రి మంత్రగాని పిలువబోయినవారిలో నేనును ఒకడను. విషములేని పాము కఱచినప్పుడును, విషసర్పము కఱచియు విషమెక్కింపనప్పుడును మనిషి బ్రతుకును. ఆ కీర్తి మంత్రమునకు దక్కును. కట్లపాము విషమెక్కినచో మంత్రమునకు లొంగదు.

కనుక పాము కఱచినచో కోయవలదు, పీల్చవలదు, బిగించి కట్టవలదు. కఱచిన అవయవమును కదలనీయక, 108 బండిని పిలిచి, విరుగుడుమందు గల ఆస్పత్రికి తక్షణమే పోవలెను. పామును పట్టి తీసికొనిపోవు ప్రయత్నమున కాలము గడపరాదు. రాత్రి దీపము లేక నడువవలదు. నేలమీద పరుండక మంచముపై దోమతెర కట్టుకొని పరుండవలెను.

ఇక లాభనష్టముల మాట. గాదెలకడ ఎలుకలను తినునది జెఱ్ఱిపోతు; పొలములో పురుగులను తినునది కప్ప. కప్పకాళ్ల ఎగుమతిని మనదేశము 1987లో నిషేధించినది. ఈ రెంటిని పోగొట్టుకొన్నచో ఎలుకలమందును, పురుగులమందును కొనవలసినవాడు రైతే.

ఇరుళ సోదరులగు వడివేల్ గోపాల్, మాసి సడయన్ గారలకు 2023లో పద్మశ్రీ బిరుదమిచ్చిరి. పామును చంపక పట్టగల విద్యకు అది తగిన మర్యాద.

నా విన్నపము రెండు మాటలు. విరుగుడుమందు ఏ ఆస్పత్రిలో దొరకునో కనుగొని ఈ గ్రంథాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. ఇంటిలో పాము కనబడినప్పుడు పిల్లలను దూరముగా నిలిపి, పట్టనేర్చినవారిని పిలిపింపుడు. పాము మనుష్యభాష మాటలాడుట కథలోనే జరుగును. దాని తరఫున చెప్పవలసిన మాట గ్రంథము చెప్పినది, వడనెమ్మేలిలో ఒక వృద్ధుడు చెప్పినాడు. విని కఱ్ఱను దింపుట మన వంతు.