వాసన మనసు మీద చేసే పని



నిమ్మగడ్డి నలిపి వాసన చూస్తే మనసు తేలికపడుతుందని మన పెద్దవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముక్కులోంచి వెళ్లే నరాలు మెదడులో భావాలు, జ్ఞాపకాలు చూసుకునే భాగాలకు దగ్గర దారిలో చేరతాయి. అందుకే హాస్టల్‌కి ఎవరైనా ఇప్పపువ్వు తెస్తే చాలు, చిన్నపిల్లలకు ఊరు గుర్తొచ్చి ఏడుపు మొదలు. ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు!

మరి చదువు సంగతి? 2003లో ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా యూనివర్సిటీలో మార్క్ మాస్ బృందం 144 మందికి పరీక్ష పెట్టింది. రోజ్‌మేరీ వాసన పీల్చినవాళ్లకు జ్ఞాపకం మెరుగైంది, కానీ గుర్తు తెచ్చుకోవడం నెమ్మదించింది. లావెండర్ పీల్చినవాళ్లకు అప్పటికప్పుడు గుర్తుపెట్టుకునే శక్తి తగ్గింది. హాయినిచ్చే వాసనలన్నీ పుస్తకం ముందు పనికిరావన్నమాట.

కాబట్టి సంతలో ఎవరైనా ‘జ్ఞాపకశక్తి నూనె’ అని అమ్మితే డబ్బు పోగొట్టుకోకండి. ఏ నూనె అయినా వాసన చూడండి, తాగకండి. నీలగిరి తైలం, కర్పూరం కడుపులోకి పోతే పిల్లలకు ఫిట్స్ రావచ్చు.

ఇంకొకటి. వాసనకు తల తేలికపడినా ఒంట్లో మలేరియా అలాగే ఉంటుంది. వణుకు, జ్వరం, తలనొప్పి ఉంటే ఆకులు నలుపుకుంటూ పడుకోకుండా, ఆ రోజే ఆశా అక్క దగ్గర రక్తపరీక్ష చేయించుకోండి.