పడికట్టు రాయి



మా నాన్నగారు కిరాణా కొట్టు నడిపేవారు. తక్కెడ కన్నా పడికట్టు రాళ్ల మీదే ఆయనకు ధ్యాస. బెల్లం, నూనె ముట్టుకున్న చేత్తోనే రాళ్లు తీయాలి కదా, పొద్దుగూకేసరికి వాటికి జిగట పట్టేది. కొట్టు కట్టేసే ముందు ఒక్కో రాయినీ గుడ్డతో తుడిచి వరసగా పెట్టేవారు. "అరిగిన రాయి కొనేవాణ్ణి ముంచుతుంది, జిగట పట్టిన రాయి అమ్మేవాణ్ణి ముంచుతుంది" అనేవారు. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నదీ తూకం పనే. ఆయన పప్పూ బెల్లం తూచారు, నేను రక్తపు చుక్కలో ప్రోటీన్లను తూస్తున్నాను. ఈ రోజు పట్టాలు అందుకుంటున్న జీవరసాయన శాస్త్ర విద్యార్థులైన మీతో ఆ రాయి గురించే మాట్లాడాలని వచ్చాను.

ముందుగా ఆ చుక్కలో ఏముందో చూడండి. ఒక లీటరు రక్తద్రవంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఇంచుమించు 35 నుంచి 50 గ్రాములు ఉంటుంది. అదే ద్రవంలో, ఒంట్లో వాపును తెలిపే ఇంటర్‌ల్యూకిన్-6 ఆరోగ్యవంతుల్లో మిల్లీలీటరుకు కొద్ది పికోగ్రాములే. రెంటికీ తేడా సుమారు వెయ్యి కోట్ల రెట్లు. చెరువు పక్కన నీటి బొట్టును కూడా అదే తక్కెడలో తూచమన్నట్టుంటుంది.

ఆ పనికి మనకు దొరికిన సాధనం మాస్ స్పెక్ట్రోమీటర్. ప్రోటీన్ పెద్దది, మొండిది. దాన్ని ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేస్తాం. లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు ఉన్నచోట్లే ట్రిప్సిన్ కోస్తుంది కాబట్టి ఏ ప్రోటీన్ నుంచి ఏ ముక్కలు వస్తాయో ముందే లెక్క కట్టుకోవచ్చు. ఆ పెప్టైడ్ ముక్కలకు విద్యుదావేశం ఇచ్చి, వాయు స్థితిలోకి లేపి, ఆవేశానికి తగ్గ బరువును బట్టి వేరుచేస్తాం. ఇంత పెద్ద అణువులను చెదిరిపోకుండా లేపే దారులు 1980లలో తెరుచుకున్నాయి. అమెరికాలో జాన్ ఫెన్ ద్రవాన్ని తుంపరగా చిమ్మి లేపారు. జపాన్‌లో కొయిచీ తనాకా లేజర్‌తో లేపారు. 2002లో రసాయనశాస్త్ర నోబెల్‌లో ఇద్దరికీ వాటా దక్కింది.

ఇక్కడే కొత్తవాళ్లు పొరబడతారు. యంత్రం తెర మీద ఎత్తుగా ఒక శిఖరం గీస్తే ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉందనుకుంటారు. కొన్ని పెప్టైడ్‌లు ఆవేశాన్ని ఇట్టే పట్టుకుంటాయి, కొన్ని పట్టుకోవు. ఒకే మోతాదులో ఉన్న రెండు పెప్టైడ్‌లలో ఒకటి కొండలా, ఒకటి పుట్టలా కనిపించవచ్చు. అందుకని మనం ఒక కవలను తయారుచేస్తాం. అదే పెప్టైడ్, అదే వరస, అదే నడవడి. చివరనున్న లైసిన్‌లో మాత్రం ఆరు కార్బన్‌లు కార్బన్-13గా, రెండు నైట్రోజన్‌లు నైట్రోజన్-15గా ఉంటాయి. బరువు ఎనిమిది డాల్టన్లు పెరుగుతుంది. ఎంత వేశామో మనకు తెలుసు. కవలలు రెండూ కలిసి నడుస్తాయి, కలిసి లేస్తాయి, పక్కపక్కనే కనిపిస్తాయి. వాటి నిష్పత్తే మన తూకం. ఆ బరువు కవలే మన పడికట్టు రాయి.

మరి ఆ కవలను ఎప్పుడు వేయాలి? అంతా అయ్యాక, యంత్రానికి ఎక్కించే ముందు వేస్తే, అంతకు ముందు ఎంత కారిపోయిందో, ట్రిప్సిన్ ఎంత కోయకుండా వదిలేసిందో అది చెప్పలేదు. బరువు ఐసోటోప్‌లతో చేసిన మొత్తం ప్రోటీన్‌నే మొదట్లో వేస్తే, నమూనా పడ్డ పాట్లన్నీ అదీ పడుతుంది. ఎంత ముందుగా తోడు వెళితే అంత నికరమైన సాక్షి.

ఇదంతా పరిశోధకుల గొడవ అనుకోకండి. మన ఇళ్లలో మూడు నెలల షుగర్ పరీక్ష తెలియనివారు అరుదు. చక్కెర అంటిన హిమోగ్లోబిన్‌ను కొలిచే పరీక్ష అది. దానికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న మూలపద్ధతి ఒకటి ఉంది. హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదట్లోని ఆరు అమైనో ఆమ్లాల ముక్కను ఎంజైమ్‌తో కోసి, చక్కెర అంటిన ముక్కలెన్నో అంటనివెన్నో తేల్చడం ఆ పద్ధతి. అందులో వాడే సాధనాల్లో మాస్ స్పెక్ట్రోమీటర్ ఒకటి. మీ అమ్మగారు వేలిచివర ఇచ్చిన రక్తం ఆ పెద్ద యంత్రం దాకా పోదు. కానీ వీధి చివరి ల్యాబ్‌లోని చిన్న మిషన్ చెప్పే అంకెను నమ్మగలగడానికి, ఆ మిషన్‌ను సరిచూసే కొలతల గొలుసు కొసన ఎవరో ఒకరు రాయిని శుభ్రంగా ఉంచాలి.

మంచి కొలత మంచి ఆవిష్కరణకు తల్లి. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలతను చేతపట్టుకుని కండరాల్లోకి చూసినందువల్లే వారికి ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ కనిపించాయి. ముందు తక్కెడ సరిచేసుకున్నారు, సంపద తర్వాత బయటపడింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. పరిశోధనలో అడుగుపెట్టిన కొత్తలో, రోగుల రక్తంలో కొన్ని ప్రోటీన్లు ఆరోగ్యవంతుల కన్నా బాగా ఎక్కువగా ఉన్నాయని కనుక్కున్నాను. యంత్రం బాగుంది, కవలలు సరిగ్గా ఉన్నాయి. వ్యాసం రాయడం మొదలుపెట్టాను. మా ల్యాబ్‌లో పనిచేసే పెద్దావిడ ఒక సాయంత్రం నా పక్కన నిలబడి, "ఈ ట్యూబులు ఎన్నింటికి వచ్చాయి బాబూ?" అని అడిగింది. రిజిస్టరు తీశాను. రోగుల ట్యూబులు ఊళ్ల నుంచి బస్సులో గంటల తరబడి ప్రయాణించి వచ్చాయి. ఆరోగ్యవంతులవి మా ఆవరణలోనే తీసినవి, అరగంటలో సెంట్రిఫ్యూజ్‌కు వెళ్లాయి. వేడికి, ఆలస్యానికి రక్తకణాలు తమలోని ప్రోటీన్లను బయటికి వదిలాయి. జబ్బును తూచాననుకున్నాను. నేను తూచింది మే నెల ఎండను.

ఆ వ్యాసం పక్కన పెట్టి, నమూనాలన్నీ మళ్లీ మొదటి నుంచి సేకరించడానికి ఏడాది పట్టింది. రెండోసారి ఆ తేడా కనిపించలేదు. ఆ ఏడాది నాకు నేర్పింది ఒక్కటే. రాయి ఎంత మంచిదైనా, అది తక్కెడ ఎక్కకముందు జరిగినదాన్ని చెప్పలేదు. అక్కడ సాక్షిగా నిలబడవలసింది మనిషే. ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న నేను ముందే వేసుకుని ఉండవలసింది.

రేపు మీలో కొందరు జీనోమ్ వ్యాలీలోనో పరవాడలోనో మందుల కంపెనీలకు వెళతారు. కొందరు ఆసుపత్రి ల్యాబ్‌ల్లో చేరతారు, కొందరు పరిశోధనకు దేశాలు దాటతారు. ఎక్కడికి వెళ్లినా, సాయంత్రంలోగా అంకె కావాలని మీ మీద ఒత్తిడి పెట్టేవారు ఉంటారు. అంకె అందంగా వచ్చిన రోజునే ఎక్కువ జాగ్రత్తగా ఉండండి. నమూనా ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతసేపు ఆగింది, సాక్షి ఎప్పుడు చేరింది అని అడగండి. మీకన్నా తక్కువ చదివినవారు ఆ ప్రశ్న అడిగితే లేచి నిలబడి వినండి. ఆ ట్యూబు వెనక ఒక మనిషి ఉన్నారు. మీరు రాసే అంకెను బట్టి వారికి మందు మొదలవుతుంది, లేదా ఆగుతుంది.

స్నాతకం అంటే చదువు ముగించి చేసే స్నానం. ఒళ్లు ఈ రోజుకు శుభ్రమైంది. చేతులు మాత్రం రేపటి నుంచి రోజూ జిగట పడతాయి, ఆత్రంతో, పేరు మీద ఆశతో, పై వాళ్ల తొందరతో. అది తప్పు కాదు, పనిచేసే చేతులకు పట్టేదే. ప్రతి రాత్రీ కొట్టు కట్టేసే ముందు మాత్రం గుడ్డ తీసి రాయి తుడిచి పెట్టండి.