పత్రికలలో ‘నడుపుట’

ఉదయము పత్రిక చేతికి వచ్చినప్పుడు శ్రోతలు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. ‘నడుపు’, ‘నడిపించు’ అను మాటలు ఎన్నిచోట్ల కనబడునో లెక్కపెట్టుడు. ఒక వార్తలో డ్రైవరు బస్సు నడుపుచుండును. దానిప్రక్కనే ఒకరు హోటలు నడుపుచుందురు. మరియొకరు ప్రభుత్వమును నడుపుచుందురు. చివరకు పత్రికయు నడపబడునదే. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో ఆంధ్రపత్రికను స్థాపించి నడిపిరనుటయే వాడుక.

ఇన్నిటికిని మూలము కాలినడక. తాను నడచిన ‘నడచుట’, ఒకరిని నడచునట్లు చేసిన ‘నడుపుట’. జరుగు, జరుపు, నిలుచు, నిలుపు అనునవియు ఇట్టివే. బస్సునకు కాళ్ళు లేవు, హోటలునకు అసలే లేవు. ఐనను మన భాష వానిని నడిపించినది.

ఎడ్లబండి సంగతి వేరు. పల్లెవారు దానిని ‘తోలుదురు’. తోలుట యనగా వెనుకనుండి అదలించుట. గొడ్లను తోలుదుము, ఈగలను తోలుదుము. ఉద్యమమును తోలిన నాయకుడు మాత్రము ఏ పత్రికలోను కానరాడు! మనుష్యులను నడిపించువాడు ముందుండవలెనని మన తలంపు. సంస్కృతమున ‘నాయకుడు’, ‘నేత’ అను మాటలకు తీసికొనిపోవువాడనియే అర్థము. దారి చూపు ‘నేత్రము’ కూడ ఆ ధాతువునుండి పుట్టినదే.

కనుకనే ‘ముందుండి నడిపించెను’ అని విలేకరి వ్రాసిన అది ప్రశంస. ‘వెనుకనుండి నడిపించెను’ అన్న నింద. ‘ఈ వ్యవహారమును తెరవెనుకనుండి నడిపించినవారు కలరు’ అని వ్రాసినచో పేరు చెప్పనక్కరలేదు, సాక్ష్యము చూపనక్కరలేదు. పాఠకుని మనస్సులో మాత్రము ఎవడో ఒకడు ముద్దాయియై కూర్చుండును. సాక్ష్యమున్నచో పేరు వ్రాయవలెను, లేనిచో ఊరకుండవలెను. ఈ నడిమి మార్గము నాకు సమ్మతము కాదు.

ప్రశంసలోను ఒక చిక్కు కలదు. ‘నడిపించెను’ అన్న వాక్యములో నడిపించినవాడు కర్త, నడచినవారు కర్మ. చీరాల-పేరాల ఉద్యమమును చూడుడు. ఆ గ్రామములను పురపాలక సంఘముగా చేసి పన్నులు పెంచగా, 1921లో వేలాది ప్రజలు ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమను పేరిట పాకలు వేసికొని సుమారు 11 మాసములు కాపురముండిరి. దీనిని ‘దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నడిపిన ఉద్యమము’ అందురు. అది సత్యమే, ఆయన లేనిదే ఆ కథ లేదు. ఇచ్చట ఆ క్రియకు రెండర్థములును కలిసివచ్చినవి. ఉద్యమమును నడచినది, ఊరును నడచినది.

కాని గోపాలకృష్ణయ్యగారు కారాగారమున నున్న దినములలో ఆ పాకలలో ఎండకు వానకు ఓర్చి నిలిచినవారిని నడిపించినదెవరు? ఇంటికి తాళము వేయవలెనా వలదా యని ప్రతి గృహస్థుడును, ప్రతి ఇల్లాలును తమంతట తాము తేల్చుకొనవలసి వచ్చియుండును. అట్టిచోట ‘ప్రజలు నడచిరి’ అని ఒక వాక్యము చేర్చినచో నాయకుని కీర్తికి లోటు రాదు. నడచినవారికి ఆ వాక్యములోనైన కర్తృత్వము దక్కును. శీర్షికలో చోటు చాలదని ఉపసంపాదకులు సాధారణముగా వాపోవుచుందురు. ‘నడిపించిరి’ కంటె ‘నడచిరి’ పొట్టిమాటయే గదా.