తలపాగ విడువని వైమానికుడు

(సంఘ వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



భారతీయులు యుద్ధవిమానములు నడపుట అనగానే 1932 అక్టోబరు 8వ తేదీన ఏర్పడిన మన వైమానిక దళము అందరికి స్ఫురించును. అంతకు పదునైదేండ్లకు పూర్వమే, మొదటి ప్రపంచ యుద్ధకాలమున, ఫ్రాన్సు ఆకాశమున పోరాడిన మనవారు కొందరు కలరు. వారిలో ఇంద్రలాల్ రాయ్, వెలింకర్, సేన్, హర్దిత్ సింగ్ మాలిక్ గారలు ముఖ్యులు. రాయ్, వెలింకర్ గారలు 1918లో ప్రాణములర్పించిరి. సేన్ గారు శత్రువులకు బందీగా చిక్కిరి. మాలిక్ గారు మాత్రము తొంబదియేండ్ల నిండు జీవితము గడపి, తమ కథను తామే చెప్పుకొనగల్గిరి. నేటి ప్రసంగమునకు విషయము వారే.

మాలిక్ గారు 1894 నవంబరు 23న రావల్పిండిలో, కలిగిన సిక్కు కుటుంబమున జన్మించిరి. ఇంట ప్రాతఃకాల ప్రార్థనతో దినము ఆరంభమగు ఆచారము. అట్టి ఇంటి బాలుడు పదునాల్గవ యేట చదువునకై ఇంగ్లండు పయనమయ్యెను.

తలపాగ అనగా శిరస్సున ధరించు వస్త్రమే కదా యని అన్యులకు తోచవచ్చును. 1699 వైశాఖి దినమున ఆనందపురమున గురు గోవిందసింగు ఖాల్సాను నెలకొల్పినది మొదలు, కేశములు ఖండింపకుండుట సిక్కులకు వ్రతము. ఆ కేశములకు కాపు తలపాగ. ఆ గురువు 1708లో దేహము చాలించినది గోదావరీ తీరమున నాందేడులో. 1956 వరకు నాందేడు హైదరాబాదు రాష్ట్రమున ఉండినది గనుక, మనలో పెద్దలకు ఆ గురుద్వారము అపరిచితము గాదు.

తనవారి నడుమ ఆచారము పాటించుట సులభము. తల్లిదండ్రులు వేల మైళ్ల దూరమున ఉండగా, చూచి మందలించువారెవ్వరును లేని చోట, తనవలె కనిపించు బాలుడు మరియొకడు లేని పాఠశాలలో పాటించుట వేరు. పిల్లలను దూరపు వసతిగృహములకు పంపిన తల్లిదండ్రులకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు. ఆ బాలుడు ఈస్ట్‌బోర్న్ కళాశాలలో గాని, ఆక్స్‌ఫర్డునందలి బేలియల్ కళాశాలలో గాని, ససెక్స్ పక్షమున క్రికెట్టు ఆడిన మైదానములలో గాని తలపాగను విడువలేదు.

1914లో యుద్ధము వచ్చినది. తోడి విద్యార్థులు వరుసగ అధికారి పదవులతో సైన్యమున చేరుచుండిరి. మాలిక్ గారికి ఆ ద్వారము మూసియుండెను. పది లక్షలకు పైగా భారతీయులు సముద్రములు దాటి ఆ యుద్ధమున పాల్గొనిరి గాని, భారతీయునికి రాజాధికార పత్రముతో కూడిన పదవి ఇచ్చుటకు ప్రభుత్వమునకు మనసొప్పలేదు. గాయపడిన భారతీయ సైనికుల ఆసుపత్రిలో పరిచారకుని పని ఇత్తుమన్నచో వారు వలదనిరి. ఫ్రెంచి రెడ్‌క్రాసు వారి క్షతగాత్రుల బండి నడపుటకు ఫ్రాన్సు వెళ్లిరి. అక్కడనే ఫ్రెంచి వైమానిక దళమున చేరుటకు యత్నింపగా వారు అంగీకరించిరి.

ఈ సంగతి తెలిసి, ఆక్స్‌ఫర్డు గురువు అర్కహార్ట్ గారు వైమానిక దళాధిపతియైన జనరల్ హెండర్సన్‌కు లేఖ వ్రాసిరి. బ్రిటిషు సామ్రాజ్య ప్రజయగు యువకుని ఫ్రెంచివారు తీసికొనుటకు సిద్ధపడగా మనము కాదనుట సిగ్గుచేటు గాదా యని దాని భావము. యోగ్యత చేయజాలని పనిని సిగ్గు చేసినది. 1917 ఏప్రిల్‌లో మాలిక్ గారు రాయల్ ఫ్లైయింగ్ కోర్‌లో శిక్షణార్థిగా చేరిరి.

అక్కడ తలపాగ సమస్య మరల తలయెత్తినది. దళమువారి టోపీ ఒకటి, విమానమెక్కునప్పుడు తలకు బిగియగట్టు తోలు శిరస్త్రాణము మరియొకటి. మాలిక్ గారు పట్టు విడువలేదు. తలపాగపై పట్టునట్లు పెద్ద శిరస్త్రాణమును ప్రత్యేకముగ కుట్టించుకొనిరి. దానిని చూచి తోడివారు 'ఎగిరే భూతము' అని ముద్దుపేరు పెట్టిరి. ఆయన నవ్వి ఊరకుండిరి.

ఆయనకిచ్చిన విమానము సాప్‌విత్ కేమెల్. కొయ్యచట్టముపై గుడ్డ బిగించి చేసినది. పైకప్పు లేదు. వైమానికునికి పారచూటు లేదు. ఇంధనపు తొట్టి ఆసనమునకు చేరువనే యుండును. తిరుగుడు ఇంజనుకు కందెనగ వాడునది ఆముదము. మన నల్లగొండ మెట్టచేల ఆముదము వంటిదే! ఇంజను తిరిగినంతసేపు ఆ తుంపురులు నడపువాని ముఖముపై చిమ్ముచుండును. శత్రువుల గుండ్లకు తాళిన మాలిక్ గారి శరీరమునకు ఈ ఆముదము సరిపడక, ముఖమంతయు పొక్కి, కొంతకాలమునకు ఆ విమానమునే విడువవలసి వచ్చినది.

1917 అక్టోబరు 26. వాతావరణము ఏమియు బాగులేదు. 28వ స్క్వాడ్రనుకు చెందిన కెనడా వీరుడు బార్కర్‌తో కలసి మాలిక్ గారు శత్రుభూభాగముపైకి వెళ్లిరి. జర్మను విమానములు చుట్టుముట్టినవి. ఒక దానిని కూల్చిరి గాని, ఇంధనపు తొట్టిని చీల్చుకొని వచ్చిన గుండ్లు కాలిలో దిగబడినవి. తొట్టి వాటి వేగమును కొంత హరించుటచేతనే కాలు నిలిచినది. తొట్టి అంటుకొనియుండినచో ఇక చెప్పుటకేమియు ఉండెడిది గాదు. కాలినుండి రక్తము కారుచుండగా, వెంటాడు విమానములను తప్పించుకొనుచు, తమ పక్షపు రేఖల వెనుక నేలకు దిగి స్పృహ కోల్పోయిరి. తరువాత ఆ విమానమున నాలుగు వందలకు పైగా గుండ్ల రంధ్రములు లెక్కకు వచ్చినవట. ఆ ఘడియలో భయము పోయి, తమ ఆయువు ఇంకను తీరలేదను నమ్మకము కలిగినదని వారు పిమ్మట చెప్పుచుండెడివారు. ఇది విశ్వాసబలమా, యౌవనబలమా? రెండును కావచ్చును. ఆ తలపై ఆ వేళ కూడ తలపాగ యుండినదని మాత్రము మరువరాదు.

మాలిక్ గారు కోలుకొని మరల ఎగిరిరి. రాజధాని రక్షణకై లండను సమీపమున బిగిన్‌హిల్ స్థావరమున పనిచేసిరి. యుద్ధానంతరము స్వదేశము చేరి, ప్రకాశ్ గారిని వివాహమాడి, ఇండియన్ సివిల్ సర్వీసున ప్రవేశించిరి. ఆపై బదిలీల జీవితము. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఇండ్లలో ఆ జీవితమును వర్ణించి చెప్పనవసరము లేదు. పెట్టెలు కట్టుట, విప్పుట, పిల్లల చదువులు. ఈ భారములో సగపాలు ప్రకాశ్ గారిది. ఆమె పేరు చరిత్రలలో ఒకటి రెండు పంక్తులకు మించి కానరాదు. ఇది చరిత్రకారుల లోపమే.

1944లో పటియాలా సంస్థాన ప్రధానమంత్రి పదవి లభించినది. మూడేండ్లకు దేశవిభజన జరిగి, పుట్టిన ఊరు పరదేశమైనది. పిమ్మట కెనడాలో హైకమిషనరుగను, 1949 నుండి ఫ్రాన్సులో రాయబారిగను పనిచేసిరి. ఒకప్పుడు క్షతగాత్రుల బండి తోలిన దేశమునకే స్వతంత్ర భారత ప్రతినిధిగ, అదే తలపాగతో వెళ్లిరి. ఆయన పారిస్‌లో ఉన్న కాలముననే ఫ్రెంచివారి స్థావరముల సమస్య పరిష్కారమునకు వచ్చి, 1954 నవంబరు 1న పుదుచ్చేరితోపాటు మన కాకినాడ చెంతనున్న యానాము పరిపాలన కూడ భారతదేశమునకు సంక్రమించినది.

ఉద్యోగ విరమణానంతరము ఢిల్లీలో స్థిరపడి, వార్ధక్యమున సైతము గోల్ఫు మైదానమునకు పోవుచుండెడివారు. వైద్యులు 1917లో తీయజాలక విడిచిన గుండ్ల తునకలు కాలిలో అట్లే యుండగా, 1985 అక్టోబరు 31న కన్నుమూసిరి.