నలభై దాటినా ఒళ్ళు మాట వింటుంది

(సేవాలాల్ మహరాజ్ జయంతి సందర్భంగా మన సంఘం ఆన్‌లైన్‌లో జరిపిన యువజన సభలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగం)



శంషాబాద్ చుట్టుపక్కల తండాల నుంచి, కొత్తూరు, షాద్‌నగర్, మహేశ్వరం వైపు నుంచి ఫోన్లలో కలిసిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆశీస్సులు. మా హాస్టళ్ళలో చదివి ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు కూడా ఉన్నారని తెలిసి సంతోషంగా ఉంది.

చదువు గురించి మాట్లాడమని సంఘం వాళ్ళు అడిగారు. అది మేము హాస్టల్లో రోజూ చెప్పేదే. ఇవాళ ఆరోగ్యం గురించి మాట్లాడతాం. ముందు మీ ఆరోగ్యం కాదు, మీ యాడి, మీ బా ఆరోగ్యం. "మేము" అని ఎందుకు అంటున్నామంటే, ఇది ఒక్కరి కథ కాదు. నలభై దాటిన వార్డెన్లం నలుగురం కలిసి నడిచిన దారి.

మన పూర్వులు లదేణి చేసినవాళ్ళు. ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా నడిచారు. రైళ్ళు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. తండాలు కట్టుకున్నాం, సాగులోకి, కూలిలోకి వచ్చాం. బతుకు మారినా ఒంటి పని మాత్రం పోలేదు. దున్నడం, కలుపు తీయడం, కట్టెలు మోయడం, బోరింగు కొట్టి నీళ్ళు తేవడం, ఇవన్నీ ఉండేవి. తినేది జొన్న బాటి, పప్పు, ఆకుకూర, పచ్చిమిర్చి కారం. కడుపు నిండా తిన్న రోజులు తక్కువే. ఆ రోజులు బాగుండేవని మేము అనం, ఆకలి ఎవరికీ మంచిది కాదు. కానీ ఆ ఒళ్ళు ఆ పనికి, ఆ తిండికి అలవాటు పడిన ఒళ్ళు.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. దాదాపు 5,500 ఎకరాల్లో కట్టారు. చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు, గోదాములు, హోటళ్ళు, వెంచర్లు వచ్చాయి. మన పిల్లలకు సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, కార్గో లోడింగ్, క్యాబ్ డ్రైవింగ్ పనులు దొరికాయి. పక్కా ఇల్లు, బండి, పిల్లలకు ఇంగ్లీషు మీడియం వచ్చాయి. ఇవి చిన్న విషయాలు కావు. అయితే పదిహేనేళ్ళలో ఒంటి పని సగానికి పైగా పోయింది. పన్నెండు గంటలు కుర్చీలోనో, స్టీరింగు ముందో కూర్చోవడమే. పళ్ళెం మాత్రం చిన్నది కాలేదు. జొన్న పోయి మూడు పూటలా అన్నం వచ్చింది. రాత్రి డ్యూటీలో బజ్జీ, చక్కెర ఎక్కువ వేసిన చాయ్, కూల్‌డ్రింకు. తెల్లారి ఇంటికొచ్చి పూరీ తిని పడుకోవడం. గుడుంబా తగ్గిందని సంతోషించేలోపు క్వార్టర్ సీసా వచ్చి కూర్చుంది.

మా హాస్టల్ బతుకూ అలాంటిదే. పొద్దున ఐదుకు లేస్తాం. పిల్లల స్నానాలు, టిఫిను, స్టాకు రిజిస్టరు, బిల్లులు, స్టడీ అవర్. పిల్లలందరూ పడుకున్నాక, రాత్రి పదిన్నరకు మా అన్నం. మధ్యలో ఆరేడు చాయ్‌లు. వార్డెన్ పని బయటివాళ్ళకు తిరిగే పనిలా కనిపిస్తుంది కానీ ఎక్కువసేపు కుర్చీలోనే. ఇలా పదిహేనేళ్ళు గడిచాయి. మోకాళ్ళు నొప్పులు, మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం కాగానే నిద్రమత్తు. వయసు కదా అనుకునేవాళ్ళం. ఒకసారి పిల్లల పరీక్షలకు పీహెచ్‌సీ వాళ్ళు వచ్చారు. నర్సమ్మ మా చేతులకు కూడా బీపీ పట్టీ చుట్టింది, వేలు గుచ్చి షుగర్ చూసింది. నలుగురిలో ముగ్గురికి బీపీ, ఇద్దరికి షుగర్. ఒకరికి హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్, 8.4 ఉంది. 6.5 దాటితేనే షుగర్ జబ్బు అంటారు.

ఇది మా నలుగురి సంగతే కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగర్ ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. పెద్దవాళ్ళలో ప్రతి వందలో 35 మందికి బీపీ ఉంది.

మన ఇళ్ళలో "మా బా సన్నగానే ఉంటాడు, ఆయనకు షుగర్ ఎందుకొస్తుంది" అంటారు. చేతులు కాళ్ళు సన్నగా ఉండి పొట్ట ముందుకొస్తే చాలు. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా దాచుకునేది కండ. పని తగ్గితే కండ తగ్గుతుంది, దాచుకునే చోటు తగ్గుతుంది. మిగిలింది కొవ్వై కాలేయంలో, పొట్టలో చేరుతుంది. అక్కడినుంచి ఇన్సులిన్ మాట శరీరం వినడం మానేస్తుంది. అందుకే మనవాళ్ళకు మగవాళ్ళలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 80 సెంటీమీటర్లు నడుము కొలత దాటితే జాగ్రత్త పడమంటారు. ఒక టైలరు టేపు చాలు కొలవడానికి.

తల్లి కడుపులో ఉన్నప్పటి తిండి కూడా ఇందులో ఉంది. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్ళలో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు ఒక పరిశీలన మొదలుపెట్టారు. గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద అదనపు ఆహారం అందిన ఊళ్ళు కొన్ని, అప్పటికి అందనివి కొన్ని. ఆ పిల్లలు 13-18 ఏళ్ళ వాళ్ళయ్యాక చూస్తే, తిండి అందిన ఊళ్ళ పిల్లల్లో ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల మెత్తదనం మెరుగ్గా ఉన్నాయి. మీ వదిన, మీ అక్క కడుపుతో ఉంటే అంగన్‌వాడీ గుడ్డు, పాలు ఆమె నోట్లోకే వెళ్తున్నాయా లేదా చూడండి. ఆ బిడ్డ నలభై ఏళ్ళ ఆరోగ్యం అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు భయపడాల్సిన మాట ఒకటి చెప్పాలి. మాకు తెలిసిన ఒక తండాలో క్యాబ్ నడిపే ఆయన ఉన్నారు, నలభై ఆరేళ్ళు. బూటు ఒరుసుకుని కాలివేలికి పుండైంది. షుగర్ ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. షుగర్‌తో పాదాల్లో స్పర్శ పోతుంది కాబట్టి నొప్పి తెలియలేదు. చివరికి మోకాలి కింద కాలు తీసేశారు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న కొడుకు కాలేజీ మానేసి ఇప్పుడు ఆ క్యాబే నడుపుతున్నాడు. చదువు గురించి మాట్లాడమంటే ఆరోగ్యం ఎందుకు ఎత్తుకున్నామో ఇప్పుడు అర్థమైందనుకుంటాం. ఇంటి పెద్ద మంచాన పడితే మొదట ఆగేది పిల్లల చదువే.

మరి నలభై దాటాక ఏమైనా బాగవుతుందా? అవుతుంది.

చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. షుగర్ అంచున ఉన్న 531 మందిని తీసుకున్నారు. సగటు వయసు 46కు దగ్గర, అంటే సరిగ్గా మీ అమ్మానాన్నల వయసు. మామూలుగా వదిలేసిన వాళ్ళలో మూడేళ్ళలో వందకు 55 మందికి షుగర్ వచ్చింది. తిండి సరిచేసుకుని, రోజూ కనీసం అరగంట చురుగ్గా నడిచిన వాళ్ళలో 39 మందికే వచ్చింది. వాళ్ళ బరువు పెద్దగా తగ్గలేదు, అయినా మేలు జరిగింది. బ్రిటన్‌లో ఇంకో అధ్యయనం చేశారు. షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటని వాళ్ళు డాక్టర్ల పర్యవేక్షణలో బాగా బరువు తగ్గితే, ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి మందుల అవసరం లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. అది డాక్టరు చూపులో చేసేది, ఇంట్లో ఉపవాసాలతో చేసేది కాదు.

మేము నలుగురం ఏం చేశామో చెప్తాం. డాక్టరు రాసిన గోళీలు మొదటిరోజు నుంచే వేసుకున్నాం. రాత్రి అన్నం పదిన్నర నుంచి ఏడుకు మార్చి, పిల్లలతో పాటే పంక్తిలో కూర్చున్నాం. పళ్ళెంలో సగం కూర, ఆకుకూర. పావు భాగం పప్పు, గుడ్డు లాంటివి. మిగతా పావులో అన్నమో రొట్టెనో. చాయ్‌లు రెండుకు తగ్గించి చక్కెర మానేశాం. పిల్లలు పడుకున్నాక హాస్టల్ ఆవరణలోనే అరగంట నడక. వారానికి మూడు రోజులు కుర్చీ నుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, నీళ్ళ సీసాలు ఎత్తడం. కండ పెరగాలంటే నడక ఒక్కటే చాలదు.

మొదటి మూడు వారాలు ఏ మార్పూ కనిపించలేదు. మోకాళ్ళు ఇంకా నొప్పి పెట్టాయి. దసరాకు ఊళ్ళకు వెళ్ళి వచ్చేసరికి తగ్గిన కిలో మళ్ళీ వచ్చింది. ఒకరు మానేద్దామంటే మిగతా ముగ్గురం గేటు దగ్గర నిలబడి పిలిచేవాళ్ళం. నలుగురం ఉండటం వల్లే నిలిచింది. మూడో నెలకు ఆయాసం తగ్గింది, నిద్ర పట్టింది. ఆరు నెలలకు 8.4 ఉన్నామెకు 6.7 వచ్చింది. ఇద్దరికి డాక్టరు బీపీ గోళీ మోతాదు తగ్గించారు. మూడో ఆమెకు ఏమీ తగ్గలేదు, గోళీ వేసుకుంటూనే ఉంది, నడుస్తూనే ఉంది. ఆమె ఓడిపోలేదు. బీపీ అదుపులో ఉంది, అది చాలు.

జొన్న, రాగి గురించి ఒక మాట. మన పక్కనే రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన బాటికి గౌరవం వచ్చింది, సంతోషం. అయినా జొన్న మందు కాదు. ఆరు రొట్టెలు తింటే అదీ చక్కెరే అవుతుంది. రాగి జావలో బెల్లం పోస్తే లాభం సగం పోతుంది. ఉప్పు మోసిన జాతి మనది, ఇప్పుడు ఉప్పే మనల్ని మోయలేకుండా చేస్తోంది. రోజుకు ఒక్కరికి 5 గ్రాములు, అంటే ఒక చెంచా మించొద్దు. పచ్చళ్ళు, అప్పడాలు, చిప్స్ కూడా ఆ లెక్కలోవే. ఫోన్లో వచ్చే పొడులు, కషాయాలు చూసి గోళీలు ఆపకండి. మన పెద్దల నాటు వైద్యం మీద మాకు గౌరవం ఉంది. కానీ బీపీ గోళీ మానేస్తే పక్షవాతం చెప్పి రాదు.

ఇక మీరు చేయాల్సినవి.

ముప్పై దాటిన ప్రతి ఒక్కరినీ సర్కారు దవాఖానాకు తీసుకెళ్ళండి. బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. ఆశ అక్కను అడిగితే దారి చెప్తుంది. బీపీ 140/90, పరగడుపు షుగర్ 126 దాటితే డాక్టరు మాట వినాలి. షుగర్ ఉన్నవాళ్ళ పాదాలు రోజూ రాత్రి మీరే చూడండి. యాడి కాళ్ళు చూడటం చిన్నతనం కాదు.

రాత్రి డ్యూటీలు చేసే తమ్ముళ్ళు, పెద్ద భోజనం డ్యూటీకి ముందే తినండి. అర్ధరాత్రి గుడ్డో, పల్లీలో, మజ్జిగో సరిపోతుంది. ఇంటికొచ్చాక గది చీకటి చేసుకుని ఏడు గంటలు పడుకోండి. మత్తు వద్దని మన సేవాలాల్ మహరాజ్ చెప్పాడని పెద్దలు చెప్తారు. జెండా పట్టుకున్న రోజు ఒక్కటే గుర్తు చేసుకుంటే చాలదు.

తీజ్‌కు తొమ్మిది రోజులు గోధుమ నారుకు నీళ్ళు పోసి, పాటలు పాడుతూ ఆడతాం. ఆ ఆటలో మీ అమ్మలను కూడా లాగండి, గంట ఆడితే ఏ జిమ్‌కూ తీసిపోదు. సంఘం సభల్లో కూల్‌డ్రింకుల బదులు మజ్జిగ పెట్టమని ఈ వేదిక మీదే అడుగుతున్నాం.

మాట తీరు గురించి చివరిగా. "లావయ్యావు, తాగి పాడైపోయావు" అంటే ఏ బా వినడు, ముడుచుకుపోతాడు. ఇన్నేళ్ళు మీకోసమే ఆ స్టీరింగు ముందు, ఆ గేటు ముందు కూర్చున్నాడాయన. "బా, నాతో పాటు నడువు, ఒక్కడికే బోర్ కొడుతోంది" అనండి. వస్తాడు. మొదటివారం పది నిమిషాలు చాలు. నాలుగో వారానికి ఆయనే చెప్పులు వేసుకుని మిమ్మల్ని లేపుతాడు.

వచ్చే ఆదివారం నడుము కొలవడానికి టేపు తీయండి, సోమవారం దవాఖానాకు వెళ్ళండి. ఎక్కడైనా తెలియకపోతే సంఘం వాళ్ళను అడగండి, మేమూ ఉన్నాం.